హామ్‌స్టరు పంజరమున దుర్వాసన



నేను హిందూపురము దాపున నొక పల్లెలో మల్బరీతోట వేసి, పట్టుపురుగులను మేపుచు ముప్పది యేండ్లు గడపినవాడను. అయినను నేడు పట్టుపురుగులను గూర్చి గాక, హామ్‌స్టరు అను నొక చిన్న పెంపుడు జంతువును గూర్చియు, దాని పంజరమున బుట్టు దుర్వాసనను గూర్చియు చెప్పదలచితిని. ఇది పిల్లల వేడుక గదా, పెద్దల కిందేమి పని యని మీరు తలంపవచ్చును. కాని వేసవి సెలవులకు బెంగుళూరునుండి మనుమలు వచ్చునపుడు వారి వెంట నిట్టి జంతువులును మన యిండ్లకు వచ్చుచున్నవి. కంపు కొట్టుచున్న దానిని ఉంచవలెనా, వెళ్ళగొట్టవలెనా యను తీర్పు తుదకు పెద్దల మీదనే పడును.

మా యింట జరిగినది చెప్పెదను. గడచిన వేసవిలో మా మనుమడు పిడికిలి యంత హామ్‌స్టరును పంజరముతో గూడ తెచ్చెను. మొదటి రెండు దినములు ఇంటిల్లపాదియు దాని చుట్టు మూగిరి. వారము తిరుగునప్పటికి వసారాలో ముక్కు మూసికొనవలసి వచ్చినది. మా యింటియామె సాంబ్రాణి పొగ వేసెను. కోడలు ఫినాయిలుతో పంజరము తుడిచెను. పిల్లవాడు దినమున కొకమారు పంజరపు తొట్టి కడిగి కొత్త కాగితపు పీలికలు పరచెను. వాసన తగ్గుటకు మారుగా హెచ్చినది.

“దాన్ని తీస్కపోయి తోటలో యిడిచిపెట్టి రాండి, యెట్లనో బతుకుతుంది” అని మా యింటియామె నాతో ననెను.

“తాతా, నేను దినామూ కడుగుతానే వుండాను గదా” అని పిల్లవాడు కంట తడి పెట్టెను.

తోటలో విడిచినచో, మన యెండకును పిల్లులకును తాళి యా జంతువు ఒక్క దినమైనను బ్రతుకుట దుర్లభమని నేనెరుగుదును.

అప్పుడు నాకు నా తొలినాటి పట్టుపంట యొకటి జ్ఞప్తికి వచ్చినది. పురుగులు నాలవ జ్వరము లేచి ఆకు దండిగా మేయు దినములవి. ముసురు పట్టియుండెను. తట్టలలోని చెత్త నెత్తక జాగు చేసితిని. షెడ్డులో పులిసిన వాసన యొకటి పుట్టినది. పురుగులున్న చోట వాసన యుండక పోవునా యని యుపేక్షించితిని. నాలుగు దినములలో పురుగులు మేత మాని, మెత్తబడి, నల్లబడి కుళ్ళిపోయినవి. హిందూపురము పట్టుగూళ్ళ మార్కెట్టుకు ఆ మారు నేనొక్క గూడైనను కొనిపోలేదు. ఆ వాసన నాకు ముందుగా వచ్చిన జాబు. నేను దానిని విప్పి చదువుకొననైతిని. నాటినుండి జంతువుల యొద్ద చెడువాసన పుట్టినచో దానిని కప్పిపుచ్చుట మాని, అది యెక్కడినుండి వచ్చుచున్నదో వెదకుట యలవాటు చేసికొంటిని. హామ్‌స్టరు విషయమునను ఇదియే మార్గము.

మొదట నీ జంతువు స్వభావ మెరుగవలెను. 1839లో వాటర్‌హౌస్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు సిరియా దేశపు అలెప్పో ప్రాంతమునుండి వచ్చిన జంతువును బట్టి బంగారువన్నె హామ్‌స్టరును వర్ణించెను. 1930లో అహరోనీ అను జంతుశాస్త్రజ్ఞుడు అలెప్పో ప్రాంతమున బొరియ త్రవ్వించి, ఒక తల్లిని, 11 పిల్లలను సంపాదించి యెరూషలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమునకు జేర్చెను. కాలా అజారు జాతి వ్యాధులను పరిశోధించుచున్న ఆడ్లర్ అను వైద్యశాస్త్రజ్ఞునికి అట్టి జంతువులు కావలసియుండెను. ఆ వ్యాధి క్రిములను 1903లో మన మద్రాసులో డోనోవాన్ అను వైద్యుడు గుర్తించిన సంగతి మీలో కొందరు వినియుందురు. నేడు ఇండ్లలో పెరుగుచున్న బంగారువన్నె హామ్‌స్టరులు చాలవరకు ఆ బొరియలోని సంతతియే.

బొరియలో నివసించు ఈ జంతువు పండుకొనుట కొక చోటును, గింజలు దాచుట కొక చోటును, మూత్రవిసర్జనమునకు వేరొక మూలను ఏర్పరచుకొనును. కాబట్టి యిది స్వభావముచే శుచి గలది. పగలు నిద్రించి రాత్రి మేల్కొనును. తనను, తన చోటును వాసనచేతనే గుర్తించుకొనును. ఈ నాలుగు మాటలు జ్ఞాపకమున్నచో తక్కిన దంతయు సులభముగా బోధపడును.

దుర్వాసనకు కారణములలో మొదటిది మూత్రము. అప్పుడే విడిచిన మూత్రమున వాసన స్వల్పము. అందు యూరియా యున్నది. మనము పొలమునకు చల్లు యూరియాయును ఆ పదార్థమే. తడిసిన చోట సూక్ష్మక్రిములు చేరి ఆ యూరియాను అమ్మోనియాగా మార్చును. కోళ్ళషెడ్డులో కండ్లు మండించు ఘాటు ఇదియే. తడియు, వేడిమియు, గాలి యాడకుండుటయు మూడును కూడినచో నిది త్వరగా హెచ్చును. హిందూపురము సుమారు 2000 అడుగుల యెత్తున నుండుటచే కొంత చల్లన. అయినను వేసవి వేసవియే. ధర్మవరము వైపున నెండ మరింత తీవ్రము. మన ముక్కునకు సోకకముందే, నేలనంటి బ్రదుకు ఆ జంతువు కండ్లకును ఊపిరితిత్తులకును ఆ ఘాటు తగులును. పంజరమెంత యిరుకైన కంపు అంత శీఘ్రముగ బుట్టును.

రెండవది దాచిన మేత. హామ్‌స్టరుకు రెండు బుగ్గలలోను సంచులున్నవి. ఇచ్చినదానిలో కొంత తిని, కొంత ఆ సంచులలో నింపుకొని పోయి గూటిలో దాచును. గింజ లయిన చెడవు. దోసకాయ ముక్క, క్యారెట్టు ముక్క యయినచో రెండు దినములలో కుళ్ళును.

మూడవది సహజమైన మైవాసన. బంగారువన్నె హామ్‌స్టరుకు రెండు ప్రక్కలను రెండు నల్లని మచ్చలవంటి గ్రంథులుండును. మగవానికి స్పష్టముగ గనబడును. వానిని పుండ్లని భ్రమపడి మందు రాయువారు కలరు. అది తగదు. ఆడుదానికి నాలుగు దినముల కొకమారు ఎద వచ్చును. అపుడు కొంత వాసనయు, మరునాడు చిక్కని తెల్లని స్రావమును ఉండుట సహజము. ఇవి రోగము గావు.

నాలవది రోగము. దానిని చివర చెప్పెదను.

ఇక మా యింటి పంజరమునకు వత్తును. పిల్లవాడు తొట్టిని దినదినము కడుగుచుండెను గాని, అందలి చిన్న చెక్కగూటిని మాత్రము కడుగలేదు. ఏలయనగా పగలు జంతువు అందు నిద్రించుచుండెను. దానిని లేపుటకు మనసొప్పక, గూటిని జంతువుతో గూడ మెల్లగా నెత్తి, తిరిగి యట్లే యుంచుచుండెను. సాయంకాలము జంతువు లేచిన పిదప నేనా గూటిని బోర్లించి చూచితిని. చెక్క మూత్రము పీల్చి నల్లబడియున్నది. మూలను దోసకాయ ముక్కలు బురదవలె కుళ్ళియున్నవి. పిల్లవాని జాలియే కంపునకు మూలమైనది.

మరి దినదినము కడిగిన కొలది వాసన యేల హెచ్చినది? పంజరమంతయు కడిగినచో జంతువునకు తన వాసన యేమియు మిగులదు. పరాయి యింట బడినట్లు బెదరి, నలుమూలల తిరిగి మరల మరల గుర్తులు పెట్టును. పట్టుపురుగుల తట్టలలో మనమేమి చేయుదుము? వల పరచి, వలపై క్రొత్త ఆకు వేసి, పురుగులు పైకెక్కిన పిదప క్రింది చెత్తను మాత్రమెత్తుదుము. పురుగులను కలత పెట్టము. ఇచ్చటను నట్లే చేయవలెను.

చేయవలసిన విధ మిది. పంజరము విశాలముగ నుండవలెను. అడుగున అచ్చుపడని కాగితపు పీలికలు జానెడు లోతు పరచవలెను. అది యే మూల మూత్రము విడుచునో చూచి, అచ్చట కడిగి, ఎండబెట్టి, దుమ్ము జల్లించిన యిసుకను చిన్న పాత్రలో నుంచినచో తరచుగ నందే విడుచును. తడిసిన యిసుకను మాత్రము దినదినము తీసివేయవలెను. దాచిన మేతను రెండు దినముల కొకమారు చూచి పచ్చివానిని తీసి, గింజలు కొన్నిటిని దానికే విడువవలెను. వారమున కొకమారు పరుపులో మూడవ వంతు మార్చవలెను. మొత్తము కడుగుట నెల కొకమారు చాలును. అపుడును పొడిగానున్న పాత పీలికలు గుప్పెడు తిరిగి వేయవలెను. వేడినీటితో కడిగి, ఎండలో బాగుగ నారనిచ్చిన చాలును. చెక్కగూటికి మారుగా నేను మట్టిముంతలు రెండు తెచ్చి, ఒకటి పంజరమున నుండగా రెండవది కడిగి యెండబెట్టుచుంటిని. పనియంతయు సాయంకాలము జంతువు తనంతట లేచిన పిదపనే చేసి, పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

చేయరానివియు కొన్ని గలవు. జంతువును నీళ్ళలో ముంచి కడుగరాదు. చలి పట్టి చచ్చును. తన రోమమును అదే నాకి శుభ్రపరచుకొనును. పొర్లుటకు పొడి యిసుక చాలును. సాంబ్రాణి, అగరువత్తి, కర్పూరము, కలరాయుండలు, ఫినాయిలు దాని దరిజేరనీయరాదు. పట్టుపురుగుల షెడ్డులో పొగ యెంత హానియో మనకు దెలిసినదే గదా. ఘాటైన నూనె గల దేవదారువంటి చెక్కపొట్టు వేయరాదు. బంగారువన్నె హామ్‌స్టరులను రెంటిని ఒకే పంజరమున నుంచరాదు. పోట్లాడి గాయపరచుకొనును.

ఇక రోగపు వాసన. ధర్మవరములో మా బంధువుల యింట జరిగినది తలచుకొన్న నాకు నేటికిని మనసు చివుక్కుమనును. క్రొత్తగా కొన్న పసి హామ్‌స్టరుకు తోక క్రింద తడిసి, విపరీతమైన కంపు కొట్టినది. మురికి యనుకొని స్నానము చేయించిరి. వెచ్చగా నుండునని మగ్గము క్రింది పట్టుపోగులు తెచ్చి పరచిరి. మరునాటికి ప్రాణము పోయినది. పట్టుపోగులు గాని దూది గాని యెన్నడును వేయరాదు. కాళ్ళకు చుట్టుకొని నెత్తురాడనీయవు. ఆ సంగతి పెనుకొండలో నాకు తెలిసిన పశువైద్యునితో చెప్పగా ఆయన యిట్లనెను: “అది మురికి గాదు, విరేచనములు. తల్లిని విడిచిన పిల్లలకు, ప్రయాణపు బెదురు తరువాత వచ్చు జబ్బు. రెండు మూడు దినములలో చంపును. చూచిన దినముననే తీసికొని రావలెను.”

నోటినుండి కంపు వచ్చినచో పన్ను పెరిగియుండవచ్చును, బుగ్గసంచిలో చీము పట్టియుండవచ్చును. ఆడుదానికి ఎద క్రమమునకు వెలియై నెత్తురో చీమో కనబడినచో గర్భాశయ రోగము కావచ్చును. వాసనతో పాటు మేత మానుట, ముడుచుకొని యుండుట కనబడినచో కడుగుట మాని వైద్యుని జూడవలెను.

మా యింట చెక్కగూటిని పారవేసిన మూడవ నాటికి వసారాలో వాసన లేదు. సెలవులు ముగిసి మనుమడు బెంగుళూరికి బోవునపుడు మా యింటియామెయే పంజరమున కొక మట్టిముంత నిచ్చి పంపెను. హామ్‌స్టరు బ్రదుకు రెండు మూడేండ్లకు మించదు. ఆ కొలది కాలము మన చేతిలో నుండు ప్రాణి నోరు లేనిది. దానికి బదులు వాసన మనతో మాటలాడును. ముక్కు మూసికొనుటకు ముందు, ఆ మాట యేమో యొకమారు విని చూడుడని పెద్దలకు మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.