ఏ సహాయానికి ఏ గడప తొక్కాలి?



మన అనంతపురం ప్రాంతంలో సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదీ అదనుకు పడదు. పడిన నాడు ఒక్క పూటలో కుండపోతగా కురిసి, చేని పైమన్నును వంకపాలు చేసి పోతుంది. ఇట్టి చోట నేలనూ నీటినీ కాపాడుకొనేందుకు ప్రభుత్వ సహాయం ఉన్నది. ఉన్నదని అందరూ ఎరుగుదురు. ఏ పనికి ఎవరి దగ్గరకు పోవాలి, ఏది ముందు ఏది వెనుక అన్నది మాత్రం చాలామందికి తెలియదు. అక్కడే సొమ్ము పోతుంది.

బిందుసేద్యం సంగతే చూడండి. బోరులో నీరు తగ్గింది, చీనీ చెట్లు వాడుతున్నాయి. రైతు ఆగలేక అప్పు తెచ్చి, పట్నంలో పైపులు కొని పరిచేస్తాడు. రాయితీ కోసం తరువాత వస్తాడు. అప్పుడు ఎవరూ చేయగలిగేది లేదు. ముందు దరఖాస్తు, తరువాత అధికారులు పొలం చూచి పైపుల నమూనా గీయడం, ఆపైన మంజూరు, రైతు వాటా కట్టడం, అటుపిమ్మటనే కంపెనీవారు వచ్చి బిగించడం. కేంద్రం నిబంధనల ప్రకారం 2 హెక్టార్లు, అనగా సుమారు 5 ఎకరాలలోపు రైతులకు 55 శాతం, మిగిలినవారికి 45 శాతం సహాయం. రాష్ట్రం కలిపేది దీనిపైన. అయితే ఈ శాతం ప్రభుత్వం నిర్ణయించిన ఖర్చు మీద లెక్కగాని, అంగడివాడు చెప్పిన ధర మీద కాదు. మన రాష్ట్రంలో సూక్ష్మసేద్యానికి 2003 నుండి ప్రత్యేక పథకమే నడుస్తున్నది. దీనికోసం జిల్లా కేంద్రానికి బస్సెక్కనక్కర లేదు. పాసుపుస్తకం, ఆధార్ తీసుకొని మీ ఊరి రైతు సేవా కేంద్రానికి పోతే చాలును. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవే ఇవి, 2024లో పేరు మారింది.

గెనిమలు, కందకాలు, ఊటకుంటల విషయం వేరు. పై చేను నీరు నిలవకపోతే కింది చేను గెనిమ ఎంత గట్టిగా వేసినా తెగుతుంది. అందుకే వాటర్‌షెడ్ పనులు గుట్టమీద మొదలై పల్లానికి దిగుతాయి. ఈ పనులు చూచేది డ్వామా, అనగా జిల్లా నీటి యాజమాన్య సంస్థ. కాని ఏ వాలులో ఏ పని అన్నది ఊరంతా కూర్చుని అనుకోవలసిన మాట. గ్రామసభ నాడు సంతకు పోయి, పని అయిపోయాక "నా చేను వదిలేశారే" అంటే ఎట్లా? నన్నడిగితే, వంక ఒడ్డున చేను ఉన్నవాడు ఆ సభకు అందరికన్న ముందు పోవాలంటాను.

మట్టి పరీక్షకు ఖర్చు పెద్దగా లేదు, ఓపిక కావాలి. చేనంతా తిరిగి ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు మన్ను తీసి, కలిపి, అరకిలో ఇవ్వండి. చెట్టు కింద, దిబ్బ దగ్గర తీయవద్దు. 2015లో మొదలైన భూసార పత్రంలో 12 విషయాలు రాసి ఇస్తారు. దాన్ని దూలానికి చెక్కిపెట్టక ఎరువులు కొనేనాడు వెంట తీసుకుపోండి.

ఇక కౌలుదారులు. కష్టం వీరిది, పాసుపుస్తకం మరొకరిది. ప్రధానమంత్రి కిసాన్ పథకం సొమ్ము, సాలుకు 6,000 రూపాయలు, భూమి పేరున్నవారికే చేరుతుంది. అయితే పంట నష్టం, బీమా, మద్దతుధరకు అమ్మకం, ఇవన్నీ ఈ-పంట నమోదును బట్టి నడుస్తాయి. ఖరీఫ్‌లో ఒకసారి, రబీలో ఒకసారి ఆ నమోదులో సాగుదారుగా తన పేరే ఉన్నదా అని కౌలుదారు స్వయంగా చూచుకోవాలి. 2019లో చేసిన చట్టం 11 నెలల పంట సాగుదారు హక్కు పత్రానికి వీలు కల్పించింది. దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని పెద్దలు జంకుతున్నారు. పోదండీ! ఆ పత్రం పంటకే గాని భూమికి హక్కు ఇవ్వదు. భూమి గల పెద్దలు ఈ మాట వింటున్నట్లయితే, ఆ సంతకం పెట్టి పుణ్యం కట్టుకోండి. దాన్ని నిరాకరిస్తే, పంట పోయిన ఏడు మీ కౌలుదారుకు అప్పు తప్ప మిగలదు, మీకు కౌలూ రాదు.

రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి రాయితీలు అడిగేవారున్నారు. వారు ఇచ్చేది రాయితీ కాదు, సలహా. విత్తనం, తెగులు, అంతరపంటల గురించి అడగండి. అంతదూరం పోలేనివారు ఉదయం 6 గంటల నుండి రాత్రి 10 దాకా ఏ రోజైనా కిసాన్ కాల్ సెంటర్‌కు తెలుగులోనే మాట్లాడవచ్చును. పైసా ఖర్చు లేదు. నెంబరు 1800-180-1551.