పిల్లల డేటాకు అమ్మానాన్నల అనుమతి సరే, ఆ ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

మీ ఇంట్లో 18 ఏళ్లు నిండని తమ్ముడో చెల్లెలో ఉన్నారా? అయితే ఈ ఆర్టికల్ మీ కోసమే. ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, కెమెరా, బ్యాటరీ అన్నీ చూస్తాం. కొన్నాక అది ఇంట్లో ఎవరి చేతిలో ఎన్ని గంటలు ఉంటుందో మాత్రం పెద్దగా పట్టించుకోం. ఇకపై పట్టించుకోవాల్సిందే. ఎందుకంటే పిల్లల డేటా కోసం కేంద్రం తెచ్చిన కొత్త రూల్స్ బరువంతా ఒకే చోట ఉంది: అమ్మానాన్నల అనుమతి.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో పాసైంది. దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు కాబట్టి అసలు సినిమా 2027 మేలో మొదలవుతుంది.

పిల్లల గురించి చెప్పేది సెక్షన్ 9. సింపుల్‌గా చెప్పాలంటే మూడు పాయింట్లు. ఒకటి, 18 ఏళ్ల లోపు వాళ్ల డేటా వాడాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. ఊరికే టిక్ పెడితే సరిపోదు, ఆ అనుమతిని వెరిఫై చేయాలి. రెండు, పిల్లలను ట్రాక్ చేయడం, వాళ్లకు గురిపెట్టి యాడ్స్ చూపించడం కుదరదు. స్కూళ్లు, హాస్పిటళ్లు లాంటి వాటికి వాటి పని మేరకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మూడు, ఈ బాధ్యతలు తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉంటుంది.

అనుమతిచ్చేది నిజంగా పెద్దవాళ్లేనని యాప్‌కు ఎలా తెలుస్తుంది? అమ్మో నాన్నో ఇప్పటికే ఆ ప్లాట్‌ఫామ్‌లో ఉండి, వాళ్ల వివరాలు నమ్మకంగా నమోదై ఉంటే ఆ డేటాతో చూడొచ్చు. లేదంటే వాళ్లు గుర్తింపు, వయసు వివరాలు ఇవ్వొచ్చు. అదీ కాకపోతే డిజిలాకర్ లాంటి చోటు నుంచి వచ్చే టోకెన్‌తో నిర్ధారించొచ్చు. పేపర్ మీద చూస్తే నీట్‌గా ఉంది. ఒక ఇంజినీర్‌గా నాకు డిజైన్ నచ్చింది కూడా. కానీ ఈ డిజైన్‌లో పెద్దవాళ్ల ఫోన్ పెద్దవాళ్ల చేతిలోనే ఉంటుందనే లెక్క ఒకటి దాగి ఉంది.

గోదావరిఖనిలో ఈ లెక్క కుదరదు

మాది గోదావరిఖని. సింగరేణి క్వార్టర్స్‌లో పెరిగిన వాళ్లకు ఇది విడిగా చెప్పక్కర్లేదు. అండర్‌గ్రౌండ్ బాయిలోకి మామూలు స్మార్ట్‌ఫోన్ తీసుకెళ్లనివ్వరు. బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు ప్రమాదం జరగడానికి. అందుకే చాలామంది ఫోన్ ఇంట్లో పెట్టి డ్యూటీకి పోతారు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, నైట్ షిఫ్టు, ఏదైనా సరే దాదాపు ఎనిమిది గంటలు నాన్న భూమి కింద, నాన్న ఫోన్ ఇంట్లో. నైట్ షిఫ్టు చేసొచ్చిన నాన్న పొద్దంతా పడుకుంటాడు. అప్పుడూ ఫోన్ పిల్లల దగ్గరే.

ఆ ఫోన్‌లో ఏముంటాయో చూడండి. ఆధార్‌కు లింకైన సిమ్, బ్యాంకు సిమ్, యూపీఐ, జీతం పడ్డ మెసేజ్. డిజిలాకర్ అకౌంట్ ఓపెన్ చేసిచ్చింది ఎవరు? ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడే. ఆరంకెల పిన్ పెట్టిందీ వాడే. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, స్కాలర్‌షిప్ ఫారం అన్నీ వాడితోనే చేయిస్తాం, 'మా వాడికి అన్నీ వచ్చు' అని చుట్టాలకు గొప్పగా చెప్పుకుంటాం కూడా.

ఇప్పుడు 2027లో ఒక గేమ్ యాప్ 'మీ నాన్నను అనుమతి అడగండి' అంటుంది. ఓటీపీ నాన్న నంబర్‌కు వస్తుంది. ఆ టైంకి నాన్న బాయిలో ఉంటాడు. అనుమతి మాత్రం పది సెకన్లలో వచ్చేస్తుంది! రికార్డుల్లో చూస్తే తండ్రి ఒప్పుకున్నట్టే ఉంటుంది. కంపెనీ చేయాల్సింది చేసినట్టే, చట్టం ప్రకారం అంతా ఓకే. పిల్లాడికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఇది ఒక్క సింగరేణి ఏరియా సంగతి కాదు. ఇంటికి ఒకే ఫోన్ ఉన్న ప్రతిచోటా ఇంతే. అమ్మానాన్నలకంటే పిల్లలకే ఫోన్ బాగా తెలిసిన ఇళ్లు మన దగ్గర ఎన్నో మీకూ తెలుసు.

అసలు బ్యాన్ చేస్తే?

ఆస్ట్రేలియా ఆ దారే పట్టింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 ఏళ్ల లోపు వాళ్లకు పెద్ద సోషల్ మీడియా ప్లాట్‌ఫామ్స్‌లో అకౌంట్ ఉండకూడదు. పిల్లలకు, తల్లిదండ్రులకు శిక్ష లేదు. సరైన చర్యలు తీసుకోని కంపెనీకి మాత్రం 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు జరిమానా. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి ఆలోచన ఉందని 2026 జనవరిలో మంత్రి నారా లోకేశ్ చెప్పారు.

కానీ బ్యాన్ పెట్టినా చివరికి వయసు తేల్చాల్సింది అకౌంట్‌ను చూసే. నాన్న పేరుతో ఉన్న అకౌంట్‌లో పిల్లాడు రీల్స్ చూస్తుంటే యాప్ దృష్టిలో అతనికి 45 ఏళ్లు. ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్స్ కథ కూడా ఇదే. ఫీచర్లు నిజంగా బాగున్నాయి: అకౌంట్ మొదటి నుంచే ప్రైవేట్, తెలియని వాళ్ల మెసేజ్‌లు రావు, రాత్రి 10 నుంచి పొద్దున 7 వరకు నోటిఫికేషన్లు బంద్. 16 ఏళ్ల లోపు వాళ్లు వీటిని సడలించుకోవాలంటే పేరెంట్ ఒప్పుకోవాలి. అయితే ఇవన్నీ పుట్టిన తేదీ కరెక్టుగా ఉన్న సొంత అకౌంట్‌కే.

షేర్డ్ ఫోన్‌కు పనికొచ్చే సెట్టింగ్స్

పేరెంటల్ కంట్రోల్ అనగానే అందరూ గూగుల్ ఫ్యామిలీ లింక్ పేరు చెప్తారు. అది మంచి టూలే. యాప్ ఇన్‌స్టాల్‌కు అనుమతి, రోజువారీ టైం లిమిట్, లొకేషన్ అన్నీ ఉంటాయి. కానీ అది పనిచేసేది పిల్లల గూగుల్ అకౌంట్ మీద. పిల్లాడికి సొంత ఫోన్ ఉంటే అదే పెట్టండి. నాన్న అకౌంట్‌తో నడిచే ఫోన్‌లో అది చేసేదేమీ లేదు. అలాంటి ఫోన్‌కు నేను సజెస్ట్ చేసేవి ఇవి:

1. మెసేజెస్, యూపీఐ, డిజిలాకర్ యాప్స్‌కు యాప్ లాక్. చాలా ఆండ్రాయిడ్ బ్రాండ్లలో ఇది సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. స్క్రీన్ లాక్‌కు, దీనికి ఒకే పిన్ పెట్టొద్దు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కంటెంట్ కనపడకుండా దాచేయండి, లేదంటే ఓటీపీ అక్కడే కనిపిస్తుంది.

2. నాన్న యూపీఐ వాడకపోతే ఆధార్, బ్యాంకు సిమ్‌ను ఒక కీప్యాడ్ ఫోన్‌లో వేసి అమ్మ దగ్గర ఉంచండి. యూపీఐ వాడితే మాత్రం ఇది కుదరదు, ఆ యాప్‌కు అదే ఫోన్‌లో సిమ్ కావాలి.

3. ప్లే స్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి వేరే పిన్ పెట్టండి. ప్రతి కొనుగోలుకూ అథెంటికేషన్ అడిగేలా మార్చండి.

4. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటుంది. అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫ్యామిలీ అడ్రస్ ఇస్తే అడల్ట్ సైట్లు, మాల్‌వేర్ సైట్లు చాలావరకు ఓపెన్ కావు. వీపీఎన్ వేస్తే తప్పించుకోవచ్చు, యాప్స్ లోపలి వీడియోలను ఇది ఆపలేదు.

5. డబ్బుతో ఆడే గేమ్స్ ఉంటే తీసేయండి. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం ఉంది, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం వచ్చింది. పాత ఏపీకే ఫైళ్లు మాత్రం ఫోన్లలో ఇంకా ఉండొచ్చు.

అన్నిటికంటే పెద్ద రిస్క్

పైవన్నీ పెట్టాక కూడా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. తెలియని వాడు చాట్‌లో పరిచయమై, ఫొటో తీసుకుని, తర్వాత బెదిరించడం. అనుమతి రూల్ దీన్ని ఆపడానికి రాసింది కాదు. దీనికి పోక్సో చట్టం, ఐటీ చట్టంలోని 67బి ఉన్నాయి. పిల్లల లైంగిక దృశ్యాలను తెలిసీ చూడటం, ఫోన్‌లో దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చట్టం గట్టిదే. కానీ పిల్ల నోరు తెరిచి చెప్తేనే అది కదులుతుంది. ఇంట్లో మనం ఏమంటాం? 'ఇంకోసారి ఏమైనా జరిగితే ఫోన్ గుంజుకుంటా' అంటాం. ఆ మాట విన్న పదో తరగతి అమ్మాయి, ఎవడో బెదిరిస్తుంటే ఎవరికి చెప్తుంది? వాడు అడిగింది ఇచ్చి ఊరుకుంటుంది. చెప్తే ఫోన్ పోతుంది, చదువు మానిపిస్తారు అనే భయమే బెదిరించే వాడికి బలం. అందుకే సెట్టింగ్స్ అన్నిటికంటే ముందు మీ తమ్ముడికి, చెల్లెలికి ఒక మాట చెప్పండి: 'ఏం జరిగినా నాకు చెప్పు, ఫోన్ తీసుకోను, తిట్టను.' చెప్పాక ఆ మాట మీద నిలబడండి.

ఒకవేళ జరిగితే చేయాల్సినవి: డబ్బు పంపొద్దు, ఇంకో ఫొటో పంపొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. ఐడీ, నంబర్, బెదిరింపు మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. పిల్లలకు సాయం కోసం 1098 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి కంటెంట్ మీద పేరు చెప్పకుండా కూడా రిపోర్ట్ చేయొచ్చు. మన దగ్గర రామగుండం కమిషనరేట్‌లో షీ టీమ్స్ ఉన్నాయి.

ఫొటో బయటికి పోతుందని భయంగా ఉంటే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సర్వీస్ ఉంది. అమెరికాకు చెందిన ఎన్‌సీఎంఈసీ సంస్థ దీన్ని నడుపుతోంది. 18 ఏళ్ల లోపు తీసిన ఫొటోకు హ్యాష్, అంటే ఒక డిజిటల్ వేలిముద్ర, మీ ఫోన్‌లోనే తయారవుతుంది. ఫొటో ఫోన్ దాటి పోదు, హ్యాష్ మాత్రమే పోతుంది. ఇందులో చేరిన ప్లాట్‌ఫామ్స్ దాంతో ఆ ఫొటోను గుర్తించి తీసేస్తాయి.

బీటెక్ చేసి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటున్న మనమే ఇంట్లో టెక్ సపోర్ట్. ఈసారి ఇంటికి పోయినప్పుడు అరగంట కూర్చుని పై ఐదు సెట్టింగ్స్ పెట్టండి. పిన్‌లు మీరు కాకుండా అమ్మానాన్నలతోనే పెట్టించండి, ఎందుకు పెడుతున్నామో తమ్ముడికి, చెల్లెలికి ఎదురుగానే చెప్పండి. 1930, 1098 రెండు నంబర్లూ వాళ్ల నోటికి వచ్చేదాకా అడగండి.