సముద్రం అడుగుకు వెళ్తున్నారా? తీసుకెళ్ళేవారి సంగతి ముందు చూడండి!

ఒకప్పుడు సెలవులంటే తిరుపతి, ఊటీ, మహా అయితే కన్యాకుమారి. ఇప్పుడు ఎల్.టి.సి. చేతికి రాగానే చాలామంది అండమాన్ అంటున్నారు. హైదరాబాదులో విమానం ఎక్కితే పోర్ట్‌బ్లెయిర్‌లో దిగుతాం. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కణ్ణించి ఓడలో హావ్‌లాక్ దీవికి వెళ్తాం. 2018 డిసెంబరు నుంచి అది స్వరాజ్ ద్వీప్. అక్కడ కాలు పెట్టగానే పిల్లలు అడిగేది ఒక్కటే: "అమ్మా, స్కూబా డైవింగ్ చేద్దామే!"

చెయ్యండి, తప్పులేదు. పగడాల మధ్య రంగురంగుల చేపలు తిరుగుతుంటే కళ్ళారా చూడటం జన్మకో అనుభవం. అయితే చీర కొనేటప్పుడు అంచు తిరగేసి, కొంగు విప్పి చూసే మనం, గ్యాస్ బండ రాగానే సీలు చూసుకునే మనం, పిల్లల్ని సముద్రం అడుగుకు పంపేటప్పుడు మాత్రం "ఎంత?" అని ఒక్క ప్రశ్నతో ఊరుకుంటే ఎలా? హావ్‌లాక్‌లో డైవింగ్ చేయించే సంస్థలు చాలా ఉన్నాయి. వాటిలో మంచిదాన్ని ఏరుకోవటం ఎలాగో చూద్దాం. గోవా, కర్ణాటకలోని మురుడేశ్వర్, మన విశాఖ రుషికొండ... ఎక్కడ దిగినా ఇవే జాగ్రత్తలు.

మనం చేసేది ఏమిటి?

పేర్లు కలగాపులగం చేసుకోకండి. మొహానికి అద్దం, నోట్లో చిన్న గొట్టం పెట్టుకుని నీటిపైనే తేలుతూ చూడటం స్నార్కెలింగ్. తలకు పెద్ద హెల్మెట్ పెట్టుకుని అడుగున నడవటం సీ వాక్. వీపున గాలి సిలిండర్ కట్టుకుని లోపలికి వెళ్ళటం స్కూబా. ఆ సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటారు చాలామంది. కాదు, మనం పీల్చే మామూలు గాలినే బాగా ఒత్తి నింపుతారు.

మొదటిసారి దిగేవాళ్ళకి కోర్సు అక్కర్లేదు, ఈత కూడా రానక్కర్లేదు. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్తాడు. అంటే మన ప్రాణం పూర్తిగా అతని చేతిలో ఉంటుందన్నమాట. అందుకే రేటు కంటే ముందు మనిషిని చూడాలి.

ఆ మనిషి ఎవరు?

డైవింగ్ నేర్పేవాళ్ళకి శిక్షణ ఇచ్చే అంతర్జాతీయ సంస్థలున్నాయి. వాటిలో ప్యాడీ ఒకటి. పేరు విని వడ్లనుకునేరు! 1966లో అమెరికాలో పుట్టిన సంస్థ అది. ఎస్.ఎస్.ఐ. అని మరొకటి ఉంది. దుకాణం బోర్డు మీద ఈ పేర్లు రాసి ఉంటే సరిపోదు. రేపు మిమ్మల్ని నీళ్ళలోకి దించే ఇన్‌స్ట్రక్టర్ పేరేమిటి, అతని నంబరెంత అని అడగండి. ఆ నంబరు చెల్లుతోందో లేదో ఆ సంస్థల వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. మీకు రాకపోతే మీ అబ్బాయి రెండు నిమిషాల్లో చూసి పెడతాడు.

ట్రావెల్ ఏజెంట్ ప్యాకేజీలో "స్కూబా ఉచితం" అని ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ఏ సంస్థ దగ్గరికి పంపుతున్నాడో ముందే రాసిమ్మనండి. పేరు చెప్పకుండా "అక్కడికెళ్ళాక చూసుకుందాం లెండి" అంటే ఒప్పుకోకండి.

ఇక రెండో ప్రశ్న: ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకెళ్తాడు? మొదటిసారి దిగేవారికి ఒకరికి ఒకరుంటే నిశ్చింత. ఇద్దరు ముగ్గురిని ఒక్కడే లాక్కెళ్తానంటే, ఒకరికి ఇబ్బంది వచ్చినప్పుడు మిగతావాళ్ళని ఎవరు చూస్తారని అడగండి. జవాబు తడబడితే పక్క దుకాణానికి నడవండి.

పిల్లల వయసు, లోతు కూడా అడగాలి. ప్యాడీ నియమాల ప్రకారం మొదటిసారి సముద్రంలో దిగే పిల్లలకు కనీసం 10 ఏళ్ళు నిండాలి. లోతు 12 మీటర్లు దాటకూడదు. "ఎనిమిదేళ్ళయితే ఏమైందండీ, మేం చూసుకుంటాం" అనేవాళ్ళని నమ్మకండి. పిల్లవాడు ఏడ్చినా సరే.

ఆరోగ్యం ఫారం: అసలు మెలిక ఇక్కడే!

దిగేముందు ఒక ఫారం ఇస్తారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బు ఉందా, మూర్ఛ వచ్చిందా, చెవి ఆపరేషన్ అయిందా, షుగర్, బి.పి. మందులు వాడుతున్నారా, గర్భవతులా అని ప్రశ్నలుంటాయి. 45 ఏళ్ళు దాటినవాళ్ళకి పొగతాగటం, కొలెస్ట్రాల్, బి.పి. గురించి ప్రత్యేకంగా అడుగుతారు. వీటిలో కొన్నింటికి "అవును" అంటే డాక్టరు సంతకం కావాలి.

ఇక్కడే మన ఆడవాళ్ళం మొహమాటపడతాం. డబ్బు కట్టేశాం, పిల్లలు డ్రస్సులు వేసుకుని నిలబడ్డారు, నా ఆయాసం సంగతి ఇప్పుడెత్తితే అందరి సరదా పాడవుతుంది అనుకుని అన్నింటికీ "లేదు" అని పెట్టేస్తాం. మేం వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో అయితే ఆ శ్రమ కూడా లేకుండా అన్నింటికీ ముందే "లేదు" టిక్కులు పెట్టిన ఫారం చేతికిచ్చి "సంతకం చెయ్యండి మేడమ్, ఫార్మాలిటీ" అన్నారు. మేం లేచి వచ్చేశాం. రెండోచోట ఇన్‌స్ట్రక్టర్ కూర్చోబెట్టి ఒక్కొక్క ప్రశ్నా హిందీలో అడిగాడు. మా ఆడపడుచుకి జలుబు చేసిందని తెలిసి, "ఈవేళ మీరొద్దు, తగ్గాక రండి, డబ్బు ఎక్కడికీ పోదు" అన్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంది గానీ, మాకు మాత్రం ఆ మాటతోనే అతని మీద నమ్మకం కుదిరింది.

ఎందుకింత పట్టింపు అంటారా? నీటిలో పది మీటర్ల లోతుకు వెళ్తే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. దిగుతున్నప్పుడు చెవుల్లో పట్టేసినట్టుంటుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే సర్దుకుంటుంది. జలుబుంటే ఆ దారి మూసుకుపోతుంది. బలవంతాన దిగితే కర్ణభేరి దెబ్బతినవచ్చు. పైకొచ్చేటప్పుడు దీనికి వ్యతిరేకం. పది మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలు ఉబ్బుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులే చిట్లవచ్చు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి గాలి లోపలే చిక్కుకునే ప్రమాదం ఉంది కాబట్టే అంత గుచ్చి గుచ్చి అడుగుతారు. గర్భవతులు అసలు దిగకూడదు. నెలసరి రోజుల్లో దిగకూడదన్న నియమమేమీ లేదు, మీ ఒంటికి ఓపికుంటే చాలు.

బి.పి., షుగర్ ఉన్నవాళ్ళు ఊరు బయల్దేరక ముందే మీ డాక్టర్ని కలిసి కాగితం రాయించుకోండి. దీవిలో దిగాక వెతుక్కునే పని కాదది.

నేర్పకుండా దించుతున్నారా?

మంచి సంస్థ మిమ్మల్ని తిన్నగా లోతుకి తీసుకెళ్ళదు. ముందు ఒడ్డున కూర్చోబెట్టి చెబుతుంది. తర్వాత నడుములోతు నీళ్ళలో నోటితో గాలి పీల్చటం, అద్దంలోకి నీరు వస్తే బయటికి తోసెయ్యటం, నోట్లోంచి జారిన గొట్టం మళ్ళీ పెట్టుకోవటం చేయించి చూస్తుంది. ఇవి మీకు వచ్చాయనుకున్నాకే ముందుకు కదులుతారు. "ఐదు నిమిషాల్లో చెప్పేస్తాం, పదండి" అంటే ఆ తొందర మన కోసం కాదు, వెనకాల నిలబడ్డ ఇంకో బేరం కోసం.

నీళ్ళలో మాటలుండవు, చేతి సైగలే. ఇక్కడో తమాషా ఉంది. బొటనవేలు పైకెత్తితే మనం "బాగుంది" అనుకుంటాం. నీటి అడుగున దానర్థం "పైకి వెళ్దాం" అని! బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. చెయ్యి అడ్డంగా ఊపి, ఇబ్బంది ఉన్నచోటు చూపించాలి. ఇవి మీకు అర్థమయ్యే భాషలో చెప్పమని అడగండి. పోర్ట్‌బ్లెయిర్‌లో మన తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డారు కాబట్టి తెలుగు తెలిసినవాళ్ళు దొరికినా దొరకొచ్చు. అర్థం కాకపోయినా తలూపటం మాత్రం వద్దు.

సామాను ఇలా చూడండి

మనకి యంత్రాల సంగతి తెలియదని వెనక్కి తగ్గనక్కర్లేదు. ఈ నాలుగూ ఎవరైనా చూడొచ్చు.

1. సిలిండరుకి ఒక మీటరు ఉంటుంది. నిండు సిలిండరైతే ముల్లు సుమారు 200 బార్ దగ్గర ఉండాలి. ముల్లు చూస్తూ రెండుసార్లు గాలి పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి లేస్తుంటే వాల్వు పూర్తిగా తిప్పలేదని అర్థం.

2. గాలికి ఏ వాసనా ఉండకూడదు. నూనె వాసన, పొగ వాసన వస్తే ఆ సిలిండర్ వద్దనండి. గాలి నింపే కంప్రెసర్ పక్కన ఇంజను పొగ ఉంటే ఆ విషవాయువు కూడా లోపలికి చేరుతుంది.

3. ఇన్‌స్ట్రక్టర్ దగ్గర అదనంగా ఇంకో నోటిగొట్టం ఉండాలి. సాధారణంగా పసుపురంగులో ఉంటుంది. మీది పనిచెయ్యకపోతే అది మీకిస్తాడు. ఎక్కడుందో చూపించమనండి.

4. వాడిన సామాను మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరబెడుతున్నారా? లేక ఉప్పు పేరుకుని ఇసుకలో పడి ఉందా? వంటిల్లు చూస్తే ఇల్లాలి తీరు తెలిసినట్టు, సామాను గది చూస్తే ఆ సంస్థ తీరు తెలుస్తుంది.

పడవ ఎక్కేముందు

పడవలో తీసుకెళ్తే అందరికీ లైఫ్ జాకెట్లున్నాయా, వైర్‌లెస్సో ఫోనో ఉందా, మీరు లోపలున్నంతసేపు పడవలో ఎవరైనా ఉంటారా అని చూసుకోండి. ప్రథమ చికిత్స పెట్టె, దానితోపాటు వైద్యానికి వాడే ఆక్సిజన్ సిలిండర్ తప్పనిసరిగా ఉండాలి. డైవింగ్‌లో ఇబ్బంది వస్తే మొదట ఇవ్వాల్సింది ఆ ఆక్సిజనే. "ఏదైనా జరిగితే ఏ ఆస్పత్రికి తీసుకెళ్తారు? ఎంతసేపు పడుతుంది?" అని అడగండి. అపశకునం మాట అనుకోకండి. దానికి ఠక్కున జవాబు చెప్పేవాళ్ళే ముందే ఆలోచించి పెట్టుకున్నవాళ్ళు.

ఇంకో సంగతి. చేపలకి బ్రెడ్డు వేసి ఫోటోలు తీస్తాం, పగడం పట్టుకోండి అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. ముట్టుకోవటం, ఏరి తెచ్చుకోవటం రెండూ కూడదు. ఫోటో మీద ఉన్న శ్రద్ధ మీ ఊపిరి మీద లేనివాడు మనకెందుకు?

విమానం సంగతి మరవద్దు

గోలీసోడా మూత తియ్యగానే బుస్సుమని బుడగలు వస్తాయి కదా! లోతులో ఉన్నప్పుడు గాలిలోని నైట్రోజన్ మన రక్తంలోనూ, ఒంట్లోనూ కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోకముందే విమానం ఎక్కితే, పైన ఒత్తిడి తగ్గి ఆ సోడాలోలాగే బుడగలు కట్టవచ్చు. కీళ్ళనొప్పుల నుంచి పక్షవాతం దాకా తేవచ్చు. అందుకే ఒక్కసారి దిగితే కనీసం 12 గంటలు, రెండుమూడుసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కవద్దని డైవింగ్ వైద్యనిపుణులు చెబుతారు. పూర్తిగా ఒకరోజు వదిలేస్తే ఇంకా మంచిది. కాబట్టి ప్యాకేజీలో డైవింగ్ ఆఖరి రోజున పెడితే మార్పించండి. "మీ విమానం ఎప్పుడు?" అని అడగకుండానే దించే సంస్థకి మార్కులు తగ్గించెయ్యండి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానాకాలం, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. వాతావరణం బాగాలేక ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా అన్నది రసీదు మీద రాయించుకోండి.

మనకి మాత్రమే

మంగళసూత్రం, గాజులు, జూకాలు, ముక్కుపుడక గదిలో భద్రం చేసుకోండి, లేదా సూట్ లోపలికి సర్దుకోండి. జుట్టు గట్టిగా అల్లి వెనక్కి కట్టండి, ఒక్క పాయ అద్దం కిందికి వచ్చినా నీరు కారుతుంది. మీవారి మీసంతోనూ ఇదే చిక్కు! కళ్ళజోడు వాడేవాళ్ళు పవరున్న అద్దం ఉందేమో ముందే అడగాలి. పొద్దున్నే రెండు ఇడ్లీలు చాలు, పూరీలు వచ్చాక తిందురుగాని.

చివరగా ఒక్క మాట. దుకాణాలన్నీ తిరిగాక ఎటూ తేల్చుకోలేకపోతే ఇలా అడిగి చూడండి: "ఎప్పుడైనా ఎవరినైనా దించనని వెనక్కి పంపారా?" "లేదండీ, అందరినీ తీసుకెళ్తాం" అన్నవాడికి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. "చాలాసార్లు పంపానమ్మా" అన్నవాడితో వెళ్ళండి. నీళ్ళలోకి దిగాక కూడా భయం వేస్తే బొటనవేలు పైకెత్తటానికి సిగ్గుపడకండి. డబ్బు పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకోవచ్చు. అందరూ నవ్వుతూ ఒడ్డుకు చేరటమే మనకి కావలసింది. శుభయాత్ర!