సస్పెన్స్ ఎలా పుడుతుంది?

సినిమాలో తలుపు కిర్రుమంటే చాలు, చూసేవాళ్ళంతా గప్‌చుప్. పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకుంటాం. అది ఉత్త సినిమా అని తెలుసు, అయినా గుండె దడదడలాడుతుంది. దీని వెనుక కొన్ని కిటుకులున్నాయి మిత్రులారా! అవేమిటో చూద్దాం.

1. ముందే చెప్పడం: ఉలిక్కిపడటం వేరు, ఉత్కంఠ వేరు. ఈ తేడాను లండన్‌లో పుట్టిన దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ (1899–1980) చక్కగా వివరించాడు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చొని కబుర్లాడుతున్నారు. ఉన్నట్టుండి బల్లకింద బాంబు పేలింది. మనం ఉలిక్కిపడతాం, అంతే. అదే బాంబును ముందే మనకు చూపించి, గడియారం కూడా చూపిస్తే? వాళ్ళ మామూలు కబుర్లు కూడా మనల్ని కుదురుగా కూర్చోనివ్వవు. “లేవండిరా, బయటికి పొండిరా!” అని మనసులో అరుస్తాం. పాత్రకు తెలియని సంగతి మనకు తెలియడమే సస్పెన్స్‌కు విత్తనం.

2. ఆలస్యం చేయడం: హిచ్‌కాక్ 1936లో ‘సబోటాజ్’ అనే సినిమా తీశాడు. అందులో ఒక చిన్న అబ్బాయికి వాళ్ళ బావ ఒక పొట్లం ఇచ్చి పంపుతాడు. అందులో బాంబు ఉందని వాడికి తెలియదు, మనకు తెలుసు. 1.45కు అది పేలాలి. దారిలో సరుకు అమ్మేవాడు ఆపుతాడు. ఊరేగింపు అడ్డొస్తుంది. చివరికి బస్సెక్కితే అదీ మెల్లగా పోతుంది. మధ్యమధ్యలో గడియారం! ఒక్కో నిమిషం ఒక్కో గంటలా ఉంటుంది.

3. దాచిపెట్టడం: స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘జాస్’ (1975)లో మనుషుల్ని తినే సొరచేప ఉంటుంది. దానికోసం చేసిన యంత్రం సముద్రపు ఉప్పునీళ్ళలో మాటిమాటికీ చెడిపోయింది. అందుకని చాలాసేపు చేపను చూపించకుండా, నీళ్ళను చూపించి సంగీతం వినిపించారు. కనబడని చేపే ఎక్కువ భయపెట్టింది.

4. శబ్దం: ‘సైకో’ (1960)లో స్నానాలగదిలో హత్య జరుగుతుంది. కత్తి దిగే చప్పుడు కోసం పుచ్చకాయ జాతి పండును పొడిచారు. సినిమా నలుపు తెలుపు కాబట్టి రక్తం బదులు చాక్లెట్ పాకం వాడారు. పైన వయొలిన్ల కీచుమనే సంగీతం. మిగతాది మన ఊహే పూర్తి చేసుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. ‘సబోటాజ్’లో ఆ అబ్బాయి ఏమయ్యాడు? బాంబు పేలి చనిపోయాడు. ప్రేక్షకులకు కోపం వచ్చింది. అలా తీయడం తప్పేనని హిచ్‌కాక్ తర్వాత ఒప్పుకున్నాడు. అంతసేపు ఊపిరి బిగబట్టి చూసినవాళ్ళకు చివర్లో ఊరట ఇవ్వాలన్నమాట.

రాత్రి లైట్లు ఆర్పాక దెయ్యం కథలు చెప్పే అన్నలు ఈ మాట గుర్తుంచుకోవాలి. కథ సగంలో ఆపి మీరు హాయిగా గురక పెడతారు. మూడో తరగతి తమ్ముళ్ళు మాత్రం ఒంటేలుకు లేవడానికి కూడా భయపడి, తెల్లారేదాకా దుప్పట్లో ముడుచుకొని ఉంటారు. భయపెట్టడం తెలిసినవాడికి భయం తీర్చడం కూడా తెలియాలి. కథ చెప్తే చివరిదాకా చెప్పండి. తర్వాత చాక్లెట్ పాకం సంగతి కూడా చెప్పండి. వాళ్ళు నవ్వుకుంటూ నిద్రపోతారు.