పిల్లికూనకు మిన్నల్లులు పట్టిన యెడల

ధాన్యపు కొట్లలోను అటకలమీదను ఎలుకలు తిరుగు నిండ్లలో పిల్లి యొక కుటుంబసభ్యురాలే. అది యీనిన కూనల నాడించుట పిల్లలకు పండుగ. ఆ కూనలు మాటిమాటికి చెవులు గోకికొనుచు, వీపు కొఱుకుకొనుచు నుండుట చూచి పెద్దలు పేలు పట్టినవందురు. మఱునాడే యింటనున్న యేదో పొడిని గాని కిరసనాయిలును గాని దాని యొడలికి పూయుదురు. పురుగు చచ్చును, ఒక్కొక్కచోట పురుగుతో గూడ కూనయు చచ్చును. ఇట్టి చావు తప్పింపదగినది గనుక, ఆ విషయమును మాకు తెలిసినంత వఱకు పాఠకమిత్రులకు విన్నవించుచున్నాము.

పిల్లులపై కనబడు నీ పురుగు చాలవఱకు పేను కాదు. పేను వెండ్రుకను పట్టుకొని నెమ్మదిగా ప్రాకును. గోమారి చర్మమున నోరు గ్రుచ్చి కదలక వ్రేలాడుచు, త్రాగిన నెత్తురుతో నుబ్బును. మిన్నల్లి యట్టిది గాదు. ముదురు గోధుమవన్నె గలిగి, ఇరుప్రక్కల నొక్కినట్లు పలుచనై, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుండి, వెండ్రుకల నడుమ మిక్కిలి వేగముగా పరుగెత్తి, వ్రేలు సోకగానే యెగిరిపోవును. తెలుగు బైబిలు చదివినవారు దావీదు సౌలుతో పలికిన మాటలలో నీ పేరు చూచియే యుందురు. పురుగును మాత్రము గుర్తింపనివారు పెక్కుమంది. పిల్లులపై నుండు జాతికి శాస్త్రజ్ఞులు టెనోసెఫలైడిస్ ఫెలిస్ అని పేరిడిరి. పేరు పిల్లిదే యైనను, కుక్కలపై గూడ తఱచుగా నుండునది యిదియే.

పురుగు కంటబడనిచో నొక సులువైన పరీక్ష గలదు. కూనను తెల్లని గుడ్డపై నిలిపి దువ్విన యెడల మిరియపు పొడివంటి నల్లని నలుసులు రాలును. వానిని తడిదూదిపై నుంచినచో కొంతసేపటికి చుట్టును ఎఱ్ఱని మరక వ్యాపించును. అది మట్టి గాదు, మిన్నల్లి త్రాగి విసర్జించిన నెత్తురు.

ఈ నెత్తురు లెక్కయే యిక్కడ ముఖ్యము. నాలుగు వారముల కూన సుమారు 400 గ్రాములు తూగును. దాని దేహమునగల నెత్తురంతయు సుమారు 25 మిల్లీలీటర్లు, అనగా అయిదు టీచెంచాలు మాత్రమే. ఇంచుమించు 70 ఆడ మిన్నల్లులు కలిసి దినమునకు 1 మిల్లీలీటరు నెత్తురు త్రాగునని పరిశోధకులు కనుగొనిరి. పెద్దపిల్లికి ఇది యొక లెక్కలోనిది గాదు. కూనకో, దినమున కిరువదియైదవ పాలు పోవుచుండును. అందుచేత పురుగులు కనబడగానే కూన పెదవి నెత్తి చిగుళ్లు చూడవలెను. గులాబివన్నెతో నుండవలసిన చిగుళ్లు తెల్లబాఱియున్నను, కూన సోలిపోయి పాలు త్రాగకున్నను, స్నానము మాట విడిచి నాడే పశువైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. రక్తహీనమైన కూన నీటితడికి తాళలేదు.

ఇక ఇంటి మందులను గూర్చి. పిల్లి కేవల మాంసాహారి. మొక్కలు మేయు జంతువులకు వానియందలి విషములను విఱుచుటకై కాలేయమున గల సాధనములలో ముఖ్యమైన దొకటి పిల్లికి మిక్కిలి దుర్బలము. అందుచే ఇతర జంతువులు జీర్ణించుకొను పెక్కు పదార్థములు పిల్లి శరీరమున నిలిచిపోయి విషములగును. దీనికి తోడు పిల్లి తన యొడలిని తానే నాకుకొనును. వెండ్రుకలపై పూసినది కడుపులోనికి పోక మానదు. కుక్కలకై యమ్మబడు మందులలో పెర్మెత్రిన్ అనునది యొకటి. అది కుక్కకు సరిపడును. పిల్లికి పూసినచో వణకు పుట్టి, మూర్ఛలు వచ్చి, ప్రాణమే పోవచ్చును. కుక్కమందును కొంచెముగా పూసిన చాలునను వారు మాకు తటస్థించుచునే యున్నారు. ఆ కొంచెమే చాలును, చంపుటకు. కిరసనాయిలు, ఫినాయిలు, డెట్టాలు, కర్పూరము, కలరాయుండలు, టీట్రీ నూనె మున్నగునవియు కూడనివే. వెల్లుల్లి మేలని కొందఱందురు గాని, అది పిల్లి నెత్తుటిలోని ఎఱ్ఱకణములనే చెఱచును. నెత్తురు తక్కువయైన కూనకు ఇంతకంటె చెడ్డ వైద్య మేమి యుండును?

కావున కూనలకు మొదటి మందు పేలదువ్వెనయే. దీనికి వయస్సుతో నిమిత్తము లేదు. ఒక గిన్నెలో సబ్బునీరు దగ్గఱ నుంచుకొని, మెడనుండి తోకవఱకు మెల్లగా దువ్వుచు, దువ్వెనకు చిక్కిన పురుగును వెంటనే ఆ నీట ముంచవలెను. వట్టి నీటిపై మిన్నల్లి తేలియాడి తప్పించుకొనవచ్చును. సబ్బు కలిపిన నీట మునిగి చచ్చును. మెడ చుట్టును, తోక మొదటను, పొట్ట క్రిందను ఎక్కువగా వెదకవలెను. ఉదయము సాయంకాలము ఇట్లు చేసినచో, నాలుగు వారములు నిండని కూనకు వేఱు స్నానము వలదు. గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి వెంటనే ఆఱబెట్టిన చాలును.

అంతకు మించిన వయస్సుండి, చుఱుకుగా నున్న కూనకు స్నానము చేయింపవచ్చును. మధ్యాహ్నపు వెచ్చని వేళ మంచిది. ఫంకా ఆపి, తలుపులు మూయవలెను. వెడల్పు బేసినులో కూన పొట్ట తడియునంత నీరే పోయవలెను. నీటి వేడి సుమారు 38 డిగ్రీలు, అనగా మోచేతి మడత ముంచిన వెచ్చగా తోచునే గాని చుఱుక్కు మనరాదు. అడుగున గుడ్డ పఱచినచో కాళ్లు జాఱక కూన బెదరదు. నీరు తగులగానే మిన్నల్లులు పొడిగానున్న తలవైపు పరుగెత్తును. కావున మొట్టమొదట మెడచుట్టు సబ్బునురుగుతో నొక కట్టువలె చేసి, పిమ్మట వీపు, పొట్ట, కాళ్లు రుద్దవలెను. చెవులలోనికి గాని కన్నులలోనికి గాని నీరు పోనీయక, ముఖమును తడిగుడ్డతోనే తుడువవలెను. పిల్లికూనలకు తగిన, పురుగుమందు కలపని షాంపూ శ్రేష్ఠము. అది దొరకనిచో గిన్నెలు తోము మెత్తని ద్రవపు సబ్బు ఒకటి రెండు చుక్కలు నీట కలిపి ఒక్కసారికి వాడవచ్చును. సబ్బు మిగులకుండ కడిగి, అయిదు నిమిషములలో ముగింపవలెను. అసలు అపాయము స్నానమున గాదు, తరువాతి చలిలో నున్నది. కూన తన వేడిని తాను నిలుపుకొనలేదు. రెండు మూడు పొడి తువాళ్లు మార్చి మార్చి యద్ది, గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాను ప్రక్కనుంచి, మొదలంట ఆఱిన పిమ్మటనే తల్లియొద్ద విడువవలెను.

సబ్బు ఉన్న పురుగును చంపును గాని క్రొత్తపురుగును రానీయక ఆపలేదు. అందులకు మందు కావలెను. మందునకు వయస్సు, బరువు తెలియవలెను. మెడమీద వేయు చుక్కలమందు లనేకము ఎనిమిది వారములు నిండిన పిల్లలకే తగును. నైటెన్‌పైరామ్ అను మాత్ర నాలుగు వారములు దాటి, సుమారు 900 గ్రాములు తూగు వానికే. ఆ యీడు కూనలలో నంత బరువున్నవి యరుదు. ఇంకను పసివానికి ఏది యెంత యుండవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. పెద్దపిల్లి మందును సగము చేసి వాడుట తగదు. తల్లిపిల్లికిని అదే దినమున వైద్యము జరుగవలెను; లేనిచో తల్లి మీది పురుగులే మరల కూనల నెక్కును.

ఇల్లును మఱువరాదు. ఆడ మిన్నల్లి దినమునకు 40 వఱకు గ్రుడ్లు పెట్టును. అవి వెండ్రుకల కంటుకొనక, పిల్లి పండుకొన్న చోటనెల్ల రాలును. గ్రుడ్డునుండి వచ్చిన పురుగు గోనెసంచుల క్రిందను, నేల నెఱ్ఱెలలోను చీకటిని వెదకికొని, పెద్దపురుగులు విడిచిన యెండునెత్తురు తిని, పిమ్మట గూడు కట్టుకొని, మనుష్యుని యడుగుల అదురు, ఒడలి వేడి తగులువఱకు నెలల కొలదియు వేచియుండగలదు. చాలకాలము తాళము వేసిన యింట అడుగిడగానే కాళ్లకు పురుగు లెగబ్రాకుట కిదియే కారణము. పిల్లి పడకగుడ్డలను వారమున కొకసారి వేడినీట నుడికించి మండుటెండలో నారవేయవలెను. మూలలను, మంచముల క్రిందను ప్రతిదినము ఊడ్చి, ఆ చెత్తను కాల్చివేయవలెను. రెండు నెలలైన విడువక చేయవలసిన పని యిది.

1898లో కరాచీ నగరమున పాల్ లూయీ సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు ప్లేగును ఎలుకనుండి ఎలుకకు మోయునది మిన్నల్లి యని ప్రయోగముచే చూపెను. అది ఎలుకల మిన్నల్లి, వేఱొక జాతి. కూనను చూచి ప్లేగని బెదరి వీధిలో విడువ నక్కఱలేదు. అయితే మిన్నల్లిని మ్రింగిన కూనకు కడుపులో బద్దెపురుగు పుట్టును. మలద్వారముకడ బియ్యపుగింజవంటి తునకలు కనబడిన యెడల దానికిని వైద్యుని మం దడుగవలెను.

ఎవరైన తెలియక కుక్కమందు పూసి, కూన వణకనారంభించినచో, గోరువెచ్చని సబ్బునీట మందును కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టి, మందుపొట్లమును గూడ చేతబట్టుకొని వైద్యుని యింటికి పరుగెత్తవలెను. పొట్లముపై నున్న పేరు చూచినచో చికిత్స వెంటనే మొదలుపెట్టుట కాయనకు వీలగును.