బిడ్డ మనసు చెదిరితే తల్లి తప్పా?



మాది జమ్మికుంట. పత్తి సీజను వచ్చిందంటే మా మార్కెట్టు దారిలో బండ్లు, లారీలు బారులు తీరి ఉంటాయి. అటువంటి సందడి రోజుల్లో ఒక సాయంత్రం మా వాడకట్టులో ఉండే ఒకామె వచ్చి, మా వంటింటి గడప మీద కూలబడి, "అక్కా, నా పెంపకంలనే ఏదన్న తప్పు జరిగిందా?" అని అడిగింది. ఆ మాట అడగడానికి ఆమె ఎన్ని రాత్రులు ఏడ్చిందో ఆమె కళ్ళే చెప్పాయి.

ఆమె కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. తెలివిగల పిల్లవాడు. ఏడాదిగా స్నేహితులను మానేశాడు, స్నానం మానేశాడు, గది తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. ఎవరూ లేని గదిలో ఎవరో తనను తిడుతున్నట్లు వినపడుతోందంటాడు. ఆఖరికి తల్లి పెట్టిన అన్నంలో కూడా విషం కలిపారని కంచం తోసేశాడు. చుట్టాలు తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నవారొకరు, బాణామతి అన్నవారొకరు. "గారాబం చేసి నువ్వే చెడగొట్టినవ్" అన్నది అత్తగారు. "పెండ్లి చెయ్యి, అన్నీ సర్దుకుంటయి" అన్నాడు మేనమామ. తాయెత్తులు కట్టించారు, మొక్కులు మొక్కారు. డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు.

ఆమెకు నేను చెప్పిన జవాబునే ఈ వేళ మీకూ చెప్పాలనుకుంటున్నాను.

ఈ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లోకంలో 2 కోట్లకు పైగా మందికి ఇది ఉన్నది. ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ ప్రాంతంలో మొదలై ముప్పై లోపల బయటపడుతుంది. మగపిల్లలలో కాస్త ముందుగా, ఆడపిల్లలలో కాస్త ఆలస్యంగా కనిపిస్తుంది. సినిమాలలో చూపించినట్లు ఒక మనిషి ఇద్దరుగా మారిపోవడం కాదు ఇది. లేని మాటలు వినిపించడం, లేని పగలు ఉన్నట్లు తోచడం, ఆలోచనల వరస తప్పడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం దీని లక్షణాలు.

మరి మెదడులో జరిగేదేమిటి? మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. ఒక్కొక్క కణం వేలాది కణాలతో ముచ్చటిస్తుంది. కాని చాలా చోట్ల ఒక కణం మరొక కణాన్ని తాకదు. నడుమ కంటికి కనిపించనంత సన్నని సందు ఉంటుంది. ఆ చోటునే సినాప్స్ అంటారు. మనం నాడీసంధి అనుకుందాం.

మీ ఇంటికీ పక్కింటికీ నడుమ ఒక గోడ ఉందనుకోండి. పెరుగుకు తోడు లేదని మీరు కేకేశారు. పక్కింటి వదినగారు చిన్న గిన్నెలో తోడు వేసి గోడ మీదుగా అందించింది. మీరు చెయ్యి చాపి పుచ్చుకున్నారు. నాడీసంధి దగ్గరా ఇదే తంతు. ఇవతలి కణంలో చిన్న చిన్న గిన్నెల వంటి సంచులు, వాటి నిండా గ్లుటమేట్, డోపమైన్ వంటి రసాయనాలు ఉంటాయి. కబురు రాగానే సంచి గోడ దగ్గరికి జరిగి ఒంపుతుంది. అవతలి కణం చెయ్యి చాపి అందుకుంటుంది. ఆ గిన్నెను తయారుగా ఉంచేవి, వేళకు ఒంపించేవి, అవతల చెయ్యి చాపేవి, ఆ చెయ్యి పక్కకు జారకుండా పట్టి ఉంచేవి, అన్నీ ప్రోటీనులే. పప్పులో ఉండే ప్రోటీను మాట కాదు సుమా! ఇవి మన కణాలు తమకు తామే తయారు చేసుకునే పనిముట్లు. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా, పని తప్పినా, కబురు సరిగ్గా అందదు.

ఇంకొక సంగతి. పసివాళ్ళ మెదడులో ఈ సంధులు అవసరానికి మించి ఉంటాయి. 1979లో హుట్టెన్‌లాకర్ అనే వైద్యుడు మెదడు ముందుభాగంలో వీటిని లెక్కపెట్టి, ఒకటి రెండేళ్ళ పిల్లలలో పెద్దవారి కన్నా సగం మేరకు ఎక్కువ ఉన్నాయని చూశాడు. తరువాత, యౌవనం వచ్చేసరికి, వాడనివి తగ్గిపోతాయి. పత్తి చేనులో రైతు ఒత్తు మొక్కలు పీకి పలచన చేసినట్లు, మన పెరట్లో మల్లెతీగను కత్తిరించినట్లు అన్నమాట. కత్తిరిస్తేనే పూత బాగుంటుంది. కాని చెయ్యి జోరుగా పడి మంచి కొమ్మలు కూడా పోతే?

ఆ ప్రశ్ననే 1982లో అమెరికాలో ఫైన్‌బర్గ్ వేశాడు. ఈ జబ్బు సరిగ్గా ఆ కత్తిరింపు జరిగే వయసులోనే మొదలవుతోంది గనుక, కత్తిరింపే గతి తప్పుతోందేమో అన్నాడు. 1994లో మన బెంగళూరు నిమ్హాన్స్‌లో చదువుకుని అమెరికా వెళ్ళిన మాచేరి కేశవన్, తన సహచరులతో కలిసి ఆ ఊహను మళ్ళీ పరిశీలించి, కత్తిరింపు ఎక్కువై ఉండవచ్చునని రాశాడు. అప్పటికి చేతిలో రుజువు తక్కువ.

2016లో ఒక పెద్ద ఆధారం దొరికింది. అమెరికాలో స్టీవెన్ మెక్‌కారల్, బెత్ స్టీవెన్స్ బృందాలు దాదాపు 65 వేల మంది జన్యువులను పరిశీలించాయి. రోగక్రిములకు గుర్తు పెట్టి, వాటిని తుడిచేయించడానికి ఒంట్లో సి4 అనే ప్రోటీను ఉంటుంది. ఎలుకల మెదడులో అదే ప్రోటీను నాడీసంధుల కత్తిరింపులోనూ పాలుపంచుకుంటోందని చూశారు. దానిలో ఒక రకం ఎక్కువగా తయారయ్యే మనుషులలో స్కిజోఫ్రీనియా ముప్పు కొద్దిగా ఎక్కువని తేలింది. కొద్దిగానే సుమా, తప్పక వస్తుందని కాదు.

2020లో లండన్ పరిశోధకులు బతికున్న రోగుల మెదడులోనే, స్కానింగు ద్వారా, ఆ గిన్నెలను అంటిపెట్టుకుని ఉండే ఎస్.వి.2ఎ అనే ప్రోటీనును కొలిచారు. రోగులలో అది మెదడు ముందుభాగంలో తక్కువగా కనిపించింది. మందుల వల్ల తగ్గిందేమోనని ఎలుకలకు అవే తరహా మందులిచ్చి చూశారు. వాటిలో తగ్గలేదు. 2022లో 76 వేలకు పైగా రోగుల జన్యువులను ఇతరులతో పోల్చి చూసినప్పుడు 287 చోట్ల తేడాలు బయటపడ్డాయి. వాటిలో చాలా భాగం నాడీసంధుల పనికి సంబంధించినవే. గ్లుటమేట్‌ను అందుకునే చెయ్యి తయారీకి కావలసిన జన్యువు కూడా ఆ వరసలో ఉన్నది.

ఇదంతా ఎందుకు చెప్పానంటారా? 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే పేరుగల వైద్యురాలు, తల్లి తీరు వల్లే ఈ జబ్బు వస్తుందన్న భావానికి ఒక పేరు పెట్టింది. ఆ మాట పట్టుకుని ఎన్నో ఏళ్ళు, ఎన్నో దేశాలలో తల్లులను దోషులుగా నిలబెట్టారు. మా వాడకట్టులో అత్తగారు అన్నమాటే అక్కడ పెద్ద చదువులు చదివినవారు అన్నారన్నమాట! ఈనాడు ఆ సిద్ధాంతం నిలవలేదు. గారాబం చేసినా, గట్టిగా మందలించినా, నాడీసంధుల ప్రోటీనులు తారుమారు కావు.

అలాగని అంతా వంశం రాత అనుకోకండి. అచ్చం ఒకే పోలికగల కవలలలో ఒకరికి ఈ జబ్బు ఉంటే, సగానికి పైగా జంటలలో రెండోవారికి రాదు. కాన్పు సమయంలో బిడ్డకు కలిగే ఇబ్బందులు, ఎదిగే వయసులో గంజాయి అలవాటు వంటివి ముప్పును పెంచుతాయి. ఒక్క కారణం చాలదు. పలు కారణాలు కలిసిరావాలి.

ఇక వైద్యం. పోయిన నాడీసంధులను తిరిగి మొలిపించే మందు ఇంకా లేదు. రక్తపరీక్షతోనో, స్కానింగుతోనో జబ్బును తేల్చడమూ లేదు. డాక్టరు మాట్లాడి, గమనించి తేలుస్తారు. కాని 1952 నుంచి మందులున్నాయి. చాలా మందులు డోపమైన్‌ను అందుకునే చేతులను కొంత ఆపి, వినిపించే మాటలను, అనుమానాలను తగ్గిస్తాయి. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నిద్రమత్తు, లావు కావడం వంటివి ఉంటే డాక్టరుకు చెప్పి మార్పించుకోవాలి గాని, బాగైందని మీరే ఆపేయకండి. మళ్ళీ తిరగబెట్టేది అక్కడే. ప్రతి ముగ్గురిలో కనీసం ఒకరు పూర్తిగా కోలుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వైద్యం ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.

పెళ్ళి మందు కాదు తల్లీ! జబ్బు దాచి పెళ్ళి చేస్తే ఇద్దరు పిల్లల బతుకు చెడుతుంది. గదిలో కట్టివేయడం అంతకన్నా తప్పు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ఇంట్లో నిష్ఠూరాలు, ఎత్తిపొడుపులు జబ్బును పుట్టించవు గాని, తగ్గిన జబ్బు తిరగబెట్టడానికి దోహదం చేస్తాయని పరిశోధనలు చెప్పాయి. "ఎవరూ తిట్టడం లేదు, నీకు పిచ్చి" అని వాదించకండి. "నీకు అట్ల వినపడుతుంటే భయమే కదా బిడ్డా, డాక్టరును అడుగుదాం పద" అనండి.

ఎక్కడికి పోవాలంటారా? మా వంటివారికి కరీంనగర్ ప్రభుత్వాసుపత్రి, వరంగల్ ఎం.జి.ఎం., హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉన్నాయి. కదలలేని పరిస్థితి అయితే 14416కు ఫోను చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అది. పైసా ఖర్చు లేకుండా, రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పలేదు కదూ! ఇప్పుడు నెలనెలా తల్లితో పాటు రైలెక్కి వరంగల్ పోయి మందులు తెచ్చుకుంటున్నాడు. చదువు ఇంకా మొదలుపెట్టలేదు. అప్పుడప్పుడు మాటలు వినపడుతూనే ఉన్నాయట, కాని వాటికి జడవడం లేదు. మొన్న ఆమె గోడ మీదుగా తోడు అడిగి తీసుకుంటూ, "అక్కా, నిన్న వాడు నా చేతి అన్నం కడుపునిండ తిన్నడే" అన్నది.