గగనశాస్త్రమును విద్యుద్వాహనమును

ఆకాశవాహనముల శాస్త్రమును చదివిన విద్వాంసుడు నేలపై నడచు స్కూటరును నిర్మింప బూనుట మొదట వింతగా దోచును. కాని యీ రెండు విద్యలకు గల చుట్టరికము నేటిది కాదు. 1971వ సంవత్సరమున అపోలో 15 యాత్రికులు చంద్రమండలముపై నడపిన బండి విద్యుద్వాహనమే. దానికి 36 వోల్టుల బ్యాటరీలు రెండుండెను. గాలి లేనిచోట పెట్రోలు మండదు గదా! మన దేశమునందును తుంబాలోని విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రమువారు రాకెట్లకును ఉపగ్రహములకును తామే చేసికొన్న లిథియం సెల్లుల తయారీ విధానమును 2018లో మన పరిశ్రమలవారికి ఒసగ సిద్ధపడిరి.

తెలుగునాట ఈ దారి త్రొక్కినవారిలో డాక్టరు నిశాంత్ దొంగరిగారు ఒకరు. వీరు గ్లాస్గో నగరమునందలి స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయమున పరిశోధన సల్పి, హైదరాబాదు ఐ.ఐ.టి.లో యంత్ర, వైమానిక శాస్త్ర శాఖయందు ఆచార్యులైరి. వీరి విషయము పలుచని వాయువుల చలనము. దీనిని కొంచెము విడమరచి చెప్పవలయును. మన చుట్టునున్న గాలిలో ఒక అణువు మఱియొక దానిని దాకులోపల పోవు దూరము మిల్లీమీటరులో పదివేలవ వంతు కన్నను తక్కువ. 100 కిలోమీటర్ల యెత్తున అదే దూరము పది సెంటీమీటర్లకు పైబడును. కావున అచ్చటినుండి నేలకు దిగు నౌకకు ఎంత వేడి తగులునో లెక్కింప మామూలు సూత్రములు చాలవు. వేడి యెచట పుట్టును, ఎటు పోవును అను ప్రశ్నయే బ్యాటరీకిని ప్రాణప్రశ్న.

ఆచార్యపదవిలో నుండియే వీరు ఐ.ఐ.టి. ప్రాంగణమున ఒక సంస్థను నెలకొల్పిరి. ప్యూర్ ఈవీ అను పేరితో దాని స్కూటర్లు వెలువడెను. 2020 ఫిబ్రవరిలో విడుదలయిన ఈప్లూటో 7జి అను బండి బ్యాటరీలో రెండున్నర యూనిట్ల విద్యుత్తు పట్టును. ఒకమారు నింపిన 116 కిలోమీటర్లు పోవునని సంస్థవారి మాట. ఇద్దరెక్కి, కూరల సంచులు వ్రేలాడదీసికొని పోయిన అంత రాదనుట ఏ గృహిణికైనను తెలియును. అయినను కోరుట్లనుండి జగిత్యాలకు సుమారు 25 కిలోమీటర్లు, పోయి రావచ్చును.

ఈ సంగతి మన సోదరీమణులకేల యందురేమో. జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పెక్కిండ్లలో పురుషులు గల్ఫు దేశములలో నున్నారు. బీడీల పని, పిల్లల బడి, బ్యాంకు, ఆసుపత్రి, అన్నియు స్త్రీల తలమీదనే. బండి కొనుట, దానిని ఇంట ఎచట నుంచుట అనునవియు వారి నిర్ణయములే. సిరిసిల్లలో విద్యుత్తు మరమగ్గముల వలన ఇంటి చుట్టమైనది. అచ్చట కరెంటును పంచునదియు ప్రజల సహకార సంఘమే. దేశమున అట్టివి బహు కొద్ది.

ఇక కష్టమైన సంగతి. 2022 ఏప్రిల్‌లో, కోరుట్ల మీదుగా పోవు రహదారిపైననే యున్న నిజామాబాదు పట్టణమున ఒక యింట తెల్లవారుజామున ఛార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ ప్రేలెను. ఎనుబదేండ్ల వృద్ధుడు మరణించెను. అది ప్యూర్ ఈవీ బండి బ్యాటరీయే. సంస్థవారు విచారము తెలిపి, ఆ బండిని అమ్మినట్లుగాని మరమ్మతు చేసినట్లుగాని తమ లెక్కలలో లేదనిరి. వెంటనే రెండు వేల బండ్లను పరీక్షకై వెనుకకు పిలిచిరి. ఆ వేసవిలో ఇతర సంస్థల బండ్లును దేశమున పలుచోట్ల కాలినవి. శాస్త్రజ్ఞుడు స్థాపించినంత మాత్రమున వస్తువు నిర్దోషమని నమ్మరాదు. ఒక్క ప్రమాదముచే ఆ విద్యయే మోసమనుటయు న్యాయము కాదు.

ప్రమాదమెట్లు కలుగునో చూతము. ఇట్టి బ్యాటరీలలో పెక్కింట వ్రేలియంత సెల్లులు వందలకొలది యుండును. ప్రతి సెల్లులోను రెండు రేకుల నడుమ వెండ్రుక కన్న పలుచనైన ప్లాస్టిక్ పొర గలదు. సుమారు 130 డిగ్రీల వేడికి ఆ పొర కరగును. అప్పుడు రేకులు తాకి మరింత వేడి పుట్టును, లోపలి ద్రవము మండును, ఆ మంట ప్రక్క సెల్లుకు ప్రాకును. మన జిల్లాలలో ఎండ 45 డిగ్రీలు దాటుట అరుదు గాదు.

విమానములవారు ఈ పాఠమును ముందే నేర్చిరి. 2013 జనవరిలో బోయింగు 787 విమానములలో లిథియం బ్యాటరీలు కాలుటచే వానినన్నిటిని నేలకు దింపిరి. మూడు నెలలకు గాని అవి మరల నెగురలేదు. బ్యాటరీ ఎన్నడును కాలదని వారు శపథము చేయలేదు. కాలినను విమానమునకు హాని కలుగకుండ ఉక్కుపెట్టెలో బంధించి, పొగ వెలుపలికి పోవు గొట్టము నమర్చిరి. గగనవిద్యనుండి స్కూటరుకు రావలసిన గుణములలో నా దృష్టికి ఇదియే మిన్న. మన ప్రభుత్వమువారు నియమములను బిగించి 2022 డిసెంబరులో కొన్నిటిని, 2023 మార్చి చివర తక్కినవానిని అమలుపరచిరి. ఒక సెల్లు వేడిమి తక్కిన వానికి ప్రాకిన నేమగునో తయారీదారులు ఇపుడు పరీక్షించి చూపవలయును.

కావున కొనునపుడు బ్యాటరీ ఏ యేట తయారైనదో, ఈ నియమములకు లోబడినదో యడుగుడు. ఎండలో తిరిగివచ్చిన వెంటనే ఛార్జింగునకు పెట్టక చల్లారనిండు. పడకగదిలోను, మెట్లక్రిందను, వాకిలికి అడ్డముగాను పెట్టరాదు. అందరు నిద్రించు వేళ అసలే వలదు. సంస్థ యిచ్చిన ఛార్జరునే ఎర్తింగు గల ప్లగ్గునకు తగిలింపవలయును. బ్యాటరీ ఉబ్బినను, వింతవాసన వచ్చినను వీధిలోని మెకానిక్కుచే విప్పింపక, దానిని ఇంటికి దూరముగా నుంచి సంస్థవారికి కబురంపుడు.